అటక దిగిన పనిముట్లు: పదును పెట్టాలా, పదిలంగా దాచాలా?

పాత ఇల్లు పడగొట్టేటప్పుడో, అన్నదమ్ములు వాటాలు పంచుకునేటప్పుడో అటక మీంచి ఒక పెట్టె దిగుతుంది. అందులో తాతగారి బాడిశ, నాలుగైదు ఉలులు, పిడి ఊడిన రంపం, ఒక చిత్రిక ఉంటాయి. అన్నీ తుప్పు పట్టి, బూజు కట్టి ఉంటాయి. వాటాల్లో వాటిని ఎవరూ అడగరు. అలాగని పాత ఇనుము కింద తూకానికి వేయడానికీ మనసొప్పదు. చివరికి చేతిపని మీద కాస్త ఇష్టం ఉన్నవాళ్లెవరో "ఇలా ఇవ్వండి, నేను బాగు చేస్తాను" అంటారు. ఆ సాయంత్రమే ఉప్పుకాగితం పట్టుకుని కూర్చుంటారు.

నేనూ అలాగే కూర్చున్నాను. మా తాత వడ్రంగి. బళ్లు, నాగళ్లు, గుమ్మాలు, తలుపులు చేసేవాడు. ఆయన ఉలుల్లో ఒకదాన్ని తీసుకుని గ్రైండర్ మీద పెట్టి అద్దంలా మెరిపించాను. ఇంట్లో అందరూ బాగుందన్నారు. వారం తర్వాత మా పెదనాన్న వచ్చి, దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, "మూడు చుక్కలు ఉండాలి కదరా, ఏవీ?" అని అడిగాడు. మిగిలిన ఉలులు తీసి చూపించాడు. ప్రతిదాని మెడ దగ్గరా పోటుతో కొట్టిన మూడు చుక్కలు, వాటి కింద ఒక ఏటవాలు గీత. పదిమంది వడ్రంగులు ఒకేచోట పని చేసేటప్పుడు సాయంత్రానికి ఎవరి పనిముట్లు వాళ్లు ఏరుకోవడానికి పెట్టుకున్న గుర్తు అది. చదువురాని మా తాత సంతకం అదే. ఆరు ఉలుల్లో ఒకదాని మీంచి దాన్ని నేను చెరిపేశాను. ఆ ఉలి ఈరోజుకీ చక్కగా తెగుతుంది. కానీ ఎవరిదో చెప్పలేదు.

అందుకే ఈ విషయంలో నేను మొదట అడగమనేది ఒకే ఒక్క ప్రశ్న. ఈ వస్తువు మీంచి నేను తీసేయబోయేదాన్ని మళ్లీ పెట్టగలనా? తుప్పు తీస్తే నష్టం లేదు, అక్కర్లేకపోయినా అది మళ్లీ వస్తుంది. పిడి ఊడితే కొత్తది వేసుకోవచ్చు. కానీ అరిగిపోయిన ముద్ర, గీకేసిన పాత రంగు, సాపు చేసేసిన అరుగుదల, ఇవి తిరిగి రావు. బాగు చేయాలా, ఉన్నదున్నట్టు దాచాలా అన్న నిర్ణయం ఇక్కడే మొదలవుతుంది. ధర, అందం వంటివి తర్వాత చూసుకోవచ్చు.

"బాగు చేయడం" అనే ఒక్క మాటలో మనం మూడు వేరువేరు పనులు కలిపేస్తాం. మొదటిది పాడవకుండా ఆపడం. అంటే మట్టి, జిడ్డు, ఊడివచ్చే తుప్పు తీసి, ఇకమీదట తుప్పు పట్టకుండా పైన పూత వేయడం. రెండోది పనిలోకి తేవడం. అంచు నూరడం, పిడి బిగించడం, రంపానికి పళ్లు తీయడం దీని కిందికి వస్తాయి. మూడోది కొత్తదానిలా చేయడం. ఒంటినిండా మెరుగు పెట్టి, కర్రను గీకి, వార్నిష్ కొట్టి, ఇనుముకి రంగు వేయడం ఈ పద్ధతి. మొదటిది అన్నిటికీ చేయాలి. రెండోది చాలావాటికి చేయవచ్చు. మూడోది దాదాపు దేనికీ చేయకూడదన్నది నా అభిప్రాయం. మెరిసే పనిముట్టే కావాలంటే బజారులో కొత్తవి దొరుకుతున్నాయి. పాతదాన్ని కొత్తదానిలా చేస్తే మనకు మిగిలేది నాసిరకం కొత్త పనిముట్టు.

ఇప్పుడు ఒక వస్తువుని దగ్గరగా చూద్దాం. మన పెట్టెల్లో ఒక్కోసారి ఇంగ్లీషు చిత్రిక కనిపిస్తుంది. ఇనుప ఒళ్లు, వెనక పట్టుకోవడానికి వంపు తిరిగిన పిడి, ముందు గుండ్రటి గుబ్బ, అలుగుని పైకీ కిందికీ జరపడానికి ఇత్తడి చక్రం. రైలుపెట్టెలు కర్రతో కట్టిన రోజుల్లో వర్క్‌షాపుల్లోనూ, పెద్ద కాంట్రాక్టర్ల దగ్గరా పని చేసినవాళ్ల చేతుల్లోకి ఇవి వచ్చాయి. ఎక్కువగా కనిపించే పేర్లు అమెరికా వాళ్ల స్టాన్లీ, ఇంగ్లండులో షెఫీల్డ్ వాళ్ల రికార్డ్. ఈ నమూనాని రూపొందించింది లెనార్డ్ బెయిలీ. ఆయన పేటెంట్లను స్టాన్లీ కంపెనీ 1869లో కొనుక్కుంది. రికార్డ్ చిత్రికలు 1931 నుంచి వచ్చాయి.

స్టాన్లీ 4 నంబరు చిత్రిక మీ చేతిలో ఉందనుకోండి. పొడవు దాదాపు 9 అంగుళాలు. అలుగు తీసి, దాన్ని మోసే ఇనుప దిమ్మ వెనక పడక మీద టార్చి వేసి చూడండి. కొన్నిటి మీద పోతలోనే అక్షరాలుంటాయి: మార్చి 25, 02, ఆగస్టు 19, 02, ఏప్రిల్ 19, 10. ఇవి 1902, 1910 సంవత్సరాల పేటెంటు తేదీలు. చాలామంది వీటిని చూసి చిత్రిక 1902లో చేసిందనుకుంటారు. మూడు తేదీలూ ఉన్నాయంటే అది 1910 తర్వాత తయారైందని అర్థం. అలుగు మీది ముద్ర ఇంకో ఆధారం. గుండె బొమ్మలో రెండు అక్షరాలున్న ముద్ర 1920లలో వచ్చింది. పిడి రోజ్‌వుడ్‌దైతే అదొక ఆనవాలు, రంగు వేసిన మామూలు కర్రైతే మరొకటి. ఒంటి లోపలివైపు నల్లగా నిగనిగలాడే పూత ఉంటుంది, అది ఫ్యాక్టరీలో వేసిందే. దాన్ని గీకేసి ఇంటి గేట్లకు వేసే నల్లరంగు పూసినవాళ్లని చూశాను. చరిత్రా పోయింది, కొనేవాడి దగ్గర ధరా పోయింది. పాత పనిముట్లు పోగుచేసేవాళ్లు అసలు పూత సగం మిగిలినా దానికే ఎక్కువ విలువ ఇస్తారు.

అయినా ఈ 4 నంబరుని అద్దాల బీరువాలో పెట్టమని నేను చెప్పను. ఇవి ప్రపంచమంతటా లెక్కకు మించి తయారయ్యాయి. ప్రతి ఊళ్లో లేకపోయినా ప్రతి పట్నంలో పాత సామాన్ల దుకాణంలో ఒకటి దొరుకుతుంది. ఒక్కదాన్ని పనిలోకి తెచ్చినంత మాత్రాన లోకం ఏదీ పోగొట్టుకోదు. పదును పెట్టి పట్టండి. టేకు పలక మీద అది విడిచే పొట్టు ఉల్లిపొరలా చుట్టుకుంటూ వస్తుంది. అదే కంపెనీ చేసిన 1 నంబరు చిత్రిక సంగతి వేరు. అది అయిదున్నర అంగుళాల చిన్న వస్తువు, అరుదైనది. అలాంటిది మీ పెట్టెలో దొరికితే ఉప్పుకాగితం దగ్గరికి రానివ్వకండి. మెత్తటి గుడ్డతో తుడిచి, తెలిసినవారికి చూపించే వరకు ఆగండి.

ఇంగ్లీషు చిత్రిక గురించి పుస్తకాలున్నాయి, పట్టికలున్నాయి, ఏ మర ఏ ఏడు మారిందో రాసిపెట్టినవాళ్లున్నారు. మన బాడిశ గురించి అలా రాసినవాళ్లు తక్కువ. కాబట్టి రెండిట్లో ఏది అరుదు అని అడిగితే, నా ఉద్దేశంలో బాడిశే అరుదు. అది ఊళ్లో కమ్మరి కొలిమిలో పుట్టింది. ఏ కంపెనీ ముద్రా ఉండదు. దాని చరిత్రంతా దాని ఒంటి మీదే ఉంది.

ఎలా చదవాలో చెబుతాను. అంచుని తడిపి ఎండకి ఏటవాలుగా పట్టుకోండి. కాస్త పైన ఒక సన్నటి గీత, దానికి అటూ ఇటూ లోహం రంగులో తేడా కనిపిస్తే, మెత్తటి ఇనుముకి అంచులో ఉక్కు ముక్క అతికించారన్నమాట. నూరీ నూరీ ఉక్కు అరిగిపోయినప్పుడు కమ్మరి దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ ఉక్కు వేయించేవారు. అలుగు పొట్టిగా ఉందంటే ఎన్నో ఏళ్లు సానరాయి మీద గడిపిందని అర్థం. వెనకవైపు చూడండి. మన వడ్రంగులు బాడిశ వెనుక భాగాన్ని సుత్తిలా వాడేవారు. ఉలిని దానితోనే కొట్టేవారు. అందుకే అక్కడ ఇనుము పుట్టగొడుగులా అంచులు విచ్చుకుని ఉంటుంది. ఒక పక్కకే ఎక్కువ విచ్చుకుంటే వాడినవాడి చేతివాటం తెలుస్తుంది. ఇక పిడి. నేల మీద కూర్చుని, కర్రను పాదాలతో తొక్కిపట్టి చెక్కే పనికి తగ్గట్టు అది పొట్టిగా ఉంటుంది. పట్టుకునే చోట కర్ర నల్లబడి, గాజులా నున్నగా ఉంటుంది. ఏ వార్నిషూ ఇవ్వలేని నునుపు అది. చెమట, నూనె, అరచేయి కలిసి ఏళ్ల తరబడి చేసిన మెరుగు. దాన్ని "మురికి" అనుకుని గీకేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

ఏమీ చేయకుండా వదిలేసిన పనిముట్లు ఎంత చెప్పగలవో తెలియడానికి ఇంగ్లండులో ఒక పెట్టె ఉంది. రోచెస్టర్ పట్టణంలోని గిల్డ్‌హాల్ మ్యూజియంలో చూడవచ్చు. బెంజమిన్ సీటన్ అనే యువకుడికి 1796లో వాళ్ల నాన్న లండన్‌లో ఒక వ్యాపారి దగ్గర వడ్రంగి పనిముట్లన్నీ కొనిచ్చాడు. కొడుకు వాటికోసం చక్కటి పెట్టె చేసుకున్నాడు. సరుకుల జాబితా కూడా రాసిపెట్టాడు. కానీ ఏ కారణం చేతో ఆ పనిముట్లను పెద్దగా వాడలేదు. వాడకపోవడం వల్లే అవి ఇప్పుడు అమూల్యం. పనిచేసే వడ్రంగి రంపం పళ్లని మళ్లీ మళ్లీ ఆకురాయితో రాస్తాడు, కాబట్టి పాత రంపాల్లో మొదటి పళ్లు మిగలవు. రెండు వందల ఏళ్ల కిందట రంపాన్ని కొట్లో అమ్మినప్పుడు దాని పళ్లు ఎలా ఉండేవో సీటన్ పెట్టె చూసి తెలుసుకున్నారు. మధ్యలో ఎవరో ఒకరు ప్రేమగా వాటికి పదును పెట్టి ఉంటే ఆ సంగతి మనకు తెలిసేదే కాదు.

దీనికి పూర్తి భిన్నమైన కథ మేరీ రోజ్ ఓడది. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ యుద్ధనౌక అది. 1545లో మునిగిపోయి, 1982లో సముద్రం అడుగునుంచి పైకి వచ్చింది. ఓడ వడ్రంగుల పనిముట్లు కూడా అందులో దొరికాయి. చిత్రిక దిమ్మలు, పిడులు, కొయ్యసుత్తి మిగిలాయి. ఇనుప అలుగులు చాలావరకు ఉప్పునీటిలో కరిగి మాయమయ్యాయి. గాలి అందని బురద కర్రను కాపాడింది, ఇనుమును కాపాడలేకపోయింది. మన కోస్తా ఊళ్లలో అటక మీది పెట్టెకు జరిగేది ఇంతకన్నా ఘోరం. ఉప్పుగాలికి ఇనుమూ పోతుంది, చెదలకీ పురుగుకీ కర్రా పోతుంది. కాబట్టి "ముట్టుకోకుండా వదిలేయడమే భద్రం" అనే మాట మ్యూజియంలో చెల్లుతుంది గానీ మన అటక మీద చెల్లదు. కనీసం మొదటి పని, అంటే పాడవకుండా ఆపడం, తప్పనిసరిగా చేయాలి.

తుప్పు సంగతి తెలుసుకుంటే ఆ పని సులువవుతుంది. తుప్పులో రెండు రకాలున్నాయి. ఎర్రగా, పొడిపొడిగా వేలికి అంటుకునేది ఒకటి. అది తేమను పట్టి ఉంచి లోపలికి తినేస్తూ పోతుంది. నల్లగా, గట్టిగా, నున్నగా అంటిపెట్టుకుని ఉండేది రెండోది. ఇది లోహానికి ఒకరకంగా కవచం. ఎర్రది తీయాలి, నల్లది ఉంచాలి. ఉప్పుకాగితం రెండింటినీ కలిపి తీసేస్తుంది. మెత్తటి స్టీలు పీచుని కిరసనాయిల్లో తడిపి, ఒత్తకుండా రుద్దితే ఎర్రది చాలావరకు వస్తుంది, నల్లది మిగులుతుంది. ముద్రలున్న చోట పీచు కూడా వద్దు. గుడ్డ, వేలు, ఓపిక చాలు. ఇక్కడ తొందరపడకండి. ఒక ఉలికి ఒక సాయంత్రం పట్టినా ఫరవాలేదు.

తుప్పు మరీ దళసరిగా ఉంటే రెండు దారులున్నాయి. ఒకటి వెనిగరో, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లో. ఇవి తుప్పును కరిగిస్తాయి. మరిచిపోయి రెండు మూడు రోజులు వదిలేస్తే మంచి లోహాన్నీ తినేస్తాయి, ఒళ్లంతా బూడిదరంగుకి తిరుగుతుంది. గంట గంటకీ తీసి చూసుకోవాలి. అయ్యాక వంటసోడా నీళ్లలో ముంచి, కడిగి, వెంటనే ఆరబెట్టాలి. రెండోది కరెంటు పద్ధతి. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి బట్టల సోడా కలుపుతారు. 12 వోల్టుల బ్యాటరీ ఛార్జరు రుణధ్రువానికి పనిముట్టుని, ధనధ్రువానికి పాత ఇనుప ముక్కని తగిలిస్తారు. తుప్పు వదులై రాలిపోతుంది, లోహం అరగదు. తీగలు తారుమారైతే మాత్రం మీ తాతగారి ఉలి కరిగిపోయి పాత ఇనుప ముక్క మిగులుతుంది, జాగ్రత్త. ఇనుప ముక్కకు బదులు స్టెయిన్‌లెస్ స్టీలు వాడవద్దు, దాన్నుంచి విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. సోడాకి బదులు ఉప్పు వేయకూడదు. ఈ పనిలో హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి ఆరుబయట, మంటకి దూరంగా చేయాలి. కర్ర భాగాలు, ఇత్తడి భాగాలు ముందే విప్పేయాలి.

పనిలోకి తెద్దామని నిర్ణయించుకున్నాక ఎక్కువమంది చేసే తప్పు అంచు దగ్గరే. పాత ఉలుల ఉక్కు చాలా మంచిది. కానీ దాని గట్టిదనమంతా కమ్మరి దాన్ని కాల్చి, నీళ్లలో ముంచి, మళ్లీ కొద్దిగా వేడి చేసి తెచ్చింది. కరెంటు గ్రైండర్ మీద నీళ్లు లేకుండా పట్టుకుంటే నాలుగు క్షణాల్లో అంచు గడ్డిరంగుకి, ఆ తర్వాత నీలంరంగుకి తిరుగుతుంది. నీలం వచ్చిందంటే వేడి 300 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గరికి చేరినట్టే. అక్కడ ఉక్కు మెత్తబడింది, ఇక అంచు నిలవదు. నీలం పోయేంతవరకు అరగదీయడం తప్ప మందు లేదు. సానరాయి మీద, చేత్తో, నీళ్లు చల్లుకుంటూ నూరండి. వాలు 25 నుంచి 30 డిగ్రీలు చాలు. వెనకవైపు అంచు దగ్గర ఒక అంగుళం మేర చదునుగా వస్తే సరిపోతుంది, మొత్తం పొడవంతా మెరవక్కర్లేదు.

ఇనుప చిత్రిక కిందపడి పగిలిందేమో కూడా ముందే చూసుకోవాలి. పోత ఇనుము పెళుసు. కుండ కొనేటప్పుడు మనం వేలితో కొట్టి చూస్తాం కదా, అలాగే అన్ని భాగాలూ విప్పేసి, ఒట్టి ఒంటిని వేలాడదీసి చిన్న కర్రతో తట్టండి. ఖంగుమంటే మంచిది. బొంగురుగా పలికితే అలుగు బయటికి వచ్చే నోటి దగ్గర వెంట్రుకవాసి పగులు కోసం వెతకండి. ఒడుపుగా కొట్టినా చెవికి తెలియని పగుళ్లుంటాయి కాబట్టి కంటితోనూ చూడాలి. పగులున్నదాన్ని పని నుంచి విరమింపజేసి గోడకి పెట్టడమే సరైనది. అలాగే అంచు వరకూ గుంటలు గుంటలుగా తుప్పు తిన్న అలుగు ఎంత నూరినా సరిగా తెగదు. అదీ దాచుకోవాల్సిందే.

కర్ర విషయానికి వస్తే, పెట్టె అడుగున తెల్లటి పిండి కనబడితే లోపల పురుగు బతికి ఉందని అర్థం. కర్పూరం ఉండలు, కలరా ఉండలు లోపలున్న పురుగుని చంపలేవు. మ్యూజియంలు చేసే ఉపాయం మనమూ చేయవచ్చు. పనిముట్టుని పాలిథిన్ సంచిలో గాలి లేకుండా మూసి, సున్నాకి 18 లేదా 20 డిగ్రీలు దిగువన ఉండే ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక సంచి విప్పకుండా ఒక రోజంతా మామూలు వేడికి రానివ్వాలి. ఎండిన కర్రకి పలచగా అవిసె నూనె పట్టించవచ్చు. ఒక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. అవిసె నూనె తుడిచిన గుడ్డలు కుప్పగా వేస్తే తమంతట తామే వేడెక్కి అంటుకుంటాయి. వాటిని విడివిడిగా బయట ఆరేయాలి, లేదా నీళ్లలో ముంచి పారేయాలి. వంటనూనెలు మాత్రం ఇనుముకీ కర్రకీ రెండింటికీ వద్దు. కొన్నాళ్లకి జిగురుగా మారి దుమ్ము పట్టేస్తాయి.

పిడి మార్చాల్సి వస్తే ఏం చేయాలో నాకు ఒక ముసలి వడ్రంగి నేర్పాడు. బాడిశకి నల్లతుమ్మ పిడి చేయించుకుందామని వెళ్లాను. పగిలిన పాత పిడిని పక్కన పడేయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. "పారేయకు బాబూ. కొలత దాని దగ్గరే ఉంది. రేపు ఇంకొకడు చేయాలంటే దేన్ని చూసి చేస్తాడు?" అన్నాడు. పాత పిడికి పొన్ను ఎక్కడ బిగించారో, వంపు ఎంత ఉందో, చివర ఎంత లావుందో అదంతా ఆ విరిగిన ముక్కలో ఉంది. ఇప్పుడు నా దగ్గర కొత్త పిడి బాడిశకి ఉంది, పాతది గుడ్డలో చుట్టి పక్కనే ఉంది.

ఆయన మాటలో ఈ చిక్కుకి మూడో దారి కూడా దొరికింది. బాగు చేయడం, దాచడం ఒకదానికొకటి శత్రువులు కావు. పాత చిత్రికకు కొత్త అలుగు కొని పనికి వాడుకోవచ్చు, పాత అలుగుని మైనం పూసి దాచవచ్చు. మన కర్ర చిత్రిక అడుగు అరిగి పల్లం పడితే, మొత్తం సాపు చేయకుండా నోటి దగ్గర గట్టి కర్రముక్క పొదగవచ్చు. పాతకాలం వడ్రంగులూ అదే చేసేవారు. ఆరు ఉలులుంటే నాలుగింటికి పదును పెట్టి, రెండింటిని ఉన్నదున్నట్టు ఉంచవచ్చు. మ్యూజియంవాళ్లు పాటించే సూత్రం కూడా ఇదే. చేసేది తక్కువ చేయాలి, చేసినదాన్ని తర్వాత ఎవరైనా వెనక్కి తీయగలిగేలా చేయాలి. మైనం తుడిస్తే పోతుంది, అందుకే అది మంచిది. బ్రిటిష్ మ్యూజియంలో 1950లలో ఇలాంటి పనికోసమే ఒక సన్నరకం మైనం తయారు చేశారు, రినైసాన్స్ వ్యాక్స్ పేరుతో ఇప్పటికీ అమ్ముతున్నారు. అది దొరక్కపోతే శుభ్రమైన తేనెమైనం పలచగా రాయండి.

గోడకి పెట్టి ప్రదర్శిద్దామనుకునేవాళ్లకి రెండు మాటలు. పనిముట్టుకి రంధ్రం చేయకండి, మేకు కొట్టకండి, బంక వేయకండి. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల ఏడాదిలో చాలా రోజులు అది దాటుతూనే ఉంటుంది. వంటింటి గోడ, స్నానాలగది గోడ పనికిరావు. తోలు ఒరల్లో పెట్టి మరిచిపోకండి, తోలు తేమని పట్టి ఉంచుతుంది. దసరాకి ఆయుధపూజ చేసే ఇళ్లలో ఇంకో సంగతి గమనించాలి. తడి పసుపు, కుంకుమ ఇనుము మీద పెట్టి అలాగే వదిలేస్తే ఆ బొట్టు ఆకారంలోనే తుప్పు లేస్తుంది. పూజ పిడికి చేసుకోండి. లేదా మర్నాడే పొడిగుడ్డతో తుడిచి మైనం రాయండి. ఏడాదికోసారి పనిముట్లన్నీ దించి, తుడిచి, నూనె పెట్టే ఆనవాయితీ మనవాళ్లు పెట్టుకున్నది ఊరికే కాదు.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న మనవాళ్లు తాతగారి పెట్టెను వెంట తీసుకెళ్లాలనుకుంటే చట్టం తెలుసుకోవాలి. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం, గతకాలపు చేతిపనులకు సాక్ష్యంగా నిలిచే వస్తువు వందేళ్లు దాటినదైతే పురావస్తువు కిందికి రావచ్చు. పురావస్తువుని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. అనుమానముంటే, అది పురావస్తువు కాదని భారత పురావస్తు శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకుని బయల్దేరడం మేలు. ఏనుగుదంతం పొదిగినదైతే వన్యప్రాణి చట్టం కూడా అడ్డు వస్తుంది. ఆ పని పెట్టుకోనే వద్దు.

ఇన్ని జాగ్రత్తల్లో అన్నిటికన్నా తేలికైనది, అందరూ వదిలేసేది ఒకటి మిగిలింది. రాసిపెట్టడం. చెయ్యి వేయకముందే నాలుగు వైపులా ఫోటోలు తీయండి, పక్కన స్కేలు పెట్టి. ఒక చిన్న అట్టముక్క మీద ఎవరిది, ఏ ఊరు, ఏ పని చేసేవారు, ఎప్పటివరకు వాడారు అని రాసి దారంతో కట్టండి. పనిముట్టు పేరు మీ ఊళ్లో ఏమనేవారో అదే రాయండి. ఒక జిల్లాలో చిత్రిక అన్నది ఇంకోచోట రంద అవుతుంది. భాగాలకైతే మరీ తేడా. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వచ్చింది. వ్యవసాయ పదాల కోసం ఊరూరా తిరిగి, రైతుల నోటినుంచే పోగుచేశారు. ఇతర వృత్తుల మీద ఆ తర్వాత సంపుటాలు వచ్చాయి. అప్పుడు అడగడానికి మనుషులున్నారు. చేతి చిత్రిక పట్టి, బరమా తిప్పి, నేల మీద కూర్చుని బండి చక్రం చేసిన వడ్రంగులు ఇప్పుడు ఊరికి ఒకరిద్దరు మిగిలారు, వాళ్లూ ఎనభై దాటినవాళ్లే.

మీ ఇంట్లో అటక మీద అలాంటి పెట్టె ఉంటే ఈ నెలలోనే దించండి. ఉప్పుకాగితం కొనకముందు ఆ పెట్టెను అలాంటి పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లి, ఒక్కొక్కటి ఆయన చేతిలో పెట్టి, దీని పేరేమిటి, దీంతో ఏం చేసేవారు అని అడిగి, ఆయన చెప్పింది ఫోన్లో రికార్డు చేసుకోండి.